ధర దాచకండి

వరంగల్‌లోని కొత్తవాడ జంపఖానాలు ఇన్‌స్టాగ్రామ్‌లో అమ్మేవాళ్లు ఫొటో పెట్టి "ధర కోసం మెసేజ్ చేయండి" అని రాస్తుంటారు. అడగడానికి మొహమాటపడి చాలామంది అక్కడి నుంచే వెళ్లిపోతారు. ధర, కొలతలు, ఉతికే పద్ధతి, కొరియర్ ఖర్చు పోస్టులోనే రాసేయండి. ఫొటో పగటి వెలుతురులో, ఫిల్టర్ లేకుండా తీయండి. లేకపోతే రంగు వేరేగా వచ్చిందని తర్వాత గొడవ, రిటర్న్ టెన్షన్. మంచం మీద పరిచి తీస్తే సైజు ఇట్టే తెలిసిపోతుంది.

వాట్సాప్ స్టేటస్ 24 గంటల్లో మాయమవుతుంది కదా, వాట్సాప్ బిజినెస్‌లో క్యాటలాగ్ పెట్టుకోండి, ఉచితమే. ఆ లింకు ఇన్‌స్టా బయోలో ఉంచండి.

వరంగల్ జంపఖానాలకు 2018లో జీఐ (భౌగోళిక సూచిక, అంటే ఆ ప్రాంతపు ప్రత్యేక సరుకు అనే) గుర్తింపు వచ్చిన సంగతి బయటివాళ్లకు పెద్దగా తెలియదు, ఒక లైన్ రాయండి. పవర్‌లూమ్ సరుకుకు మాత్రం ఆ పేరు తగిలించకండి.