ఇంగ్లీషు పాఠం – 6: ఎస్ ఎక్కడ, ఈఎస్ ఎక్కడ?

పోయిన పాఠంలో లెక్కపెట్టగలిగే నామవాచకాలు ఏవో, లెక్కకు అందనివి ఏవో చూశాం. లెక్కకు వచ్చేవాటికి ఈసారి బహువచనం చేద్దాం. ఇల్లు ఇళ్లయి, కన్ను కళ్లయి, గొయ్యి గోతులయ్యే భాష మనది. దాని ముందు ఇంగ్లీషు బహువచనం ఎంత! చాలా మాటలకు చివర ఎస్ తగిలిస్తే సరి: బుక్స్, మ్యాప్స్.

మరి కొన్నిటికి ఈఎస్ ఎందుకు? జాబితా బట్టీ పట్టకండి, పైకి పలికి చూడండి. బస్, బాక్స్, డిష్, వాచ్... అన్నీ చివర బుసకొడతాయి. వాటి పక్కనే ఇంకో 'స్' పలకబోతే నాలుక ఇరుక్కుంటుంది. అందుకే నడుమ చిన్న 'ఇ' దూరుతుంది: బసిజ్, బాక్సిజ్, డిషిజ్, వాచిజ్. స్పెల్లింగులో ఈ వచ్చేది అందుకే. పేజ్ లాంటి మాటల చివర ఈ ముందే ఉంటుంది కాబట్టి ఎస్ ఒక్కటే రాస్తాం, పలకడం మాత్రం పేజిజ్ అనే. స్టమక్ సంగతి చూడండి. రాతలో చివర సీహెచ్ ఉన్నా, పలికేది 'క్'. కాబట్టి ఉత్త ఎస్ చాలు. ఇక్కడ కంటి కన్నా చెవినే నమ్మాలి.

పలకడంలో ఇంకో మెలిక ఉంది. గొంతు మీద వేలు పెట్టుకుని 'క్' అనండి, తర్వాత 'గ్' అనండి. మొదటిదానికి గొంతు అదరదు, రెండోదానికి అదురుతుంది. అదరని శబ్దం తర్వాత 'స్': క్యాట్స్, కప్స్. అదిరితే జీబ్రాలోని 'జ': డాగ్‌జ్, పెన్‌జ్. రాత మాత్రం రెండిటికీ ఎస్సే.

వై ముందు హల్లు ఉంటే వై తీసేసి ఐఈఎస్ రాయాలి: సిటీ, బేబీ, స్టోరీ. అచ్చు ఉంటే వై అలాగే ఉంటుంది: బాయ్, డే, కీ. ఓతో ముగిసేవాటితోనే టెన్షన్. రేడియో, వీడియోల్లా ఓకి ముందు అచ్చు ఉంటే ఎస్. హల్లు ఉంటే ఒక పద్ధతంటూ లేదు: పొటాటో, టొమాటో, హీరోలకు ఈఎస్, ఫోటో, పియానోలకు ఎస్. వీటిని బట్టీ పట్టాల్సిందే.

ఇక వాడుక. 'వన్ ఆఫ్ మై ఫ్రెండ్ ఈజ్ ఎ డాక్టర్' అనేవాళ్లు బోలెడుమంది. చాలామందిలో ఒకరు కదా, కాబట్టి ఫ్రెండ్స్ అనాలి. క్రియ మాత్రం ఆ ఒక్కరిదే, ఈజ్. ఎవ్రీ తర్వాత మామూలుగా ఏకవచనమే: ఎవ్రీ స్టూడెంట్. సున్నాకి మాత్రం బహువచనం! జీరో డిగ్రీస్ అంటారు. 'టెన్ మినిట్స్' సరే, కానీ ఆ మాట ఇంకో నామవాచకం ముందు విశేషణంగా చేరితే ఎస్ ఊడిపోతుంది: ఎ టెన్-మినిట్ బ్రేక్. బోర్డుల మీద బహువచనానికి ఎస్ ముందు పైన కామాలాంటి గుర్తు పెట్టేస్తుంటారు. ఆ గుర్తు 'ఫలానావారి' అని చెప్పడానికి, బహువచనానికి అక్కర్లేదు.

వీటికి బహువచనాలు రాసి, పైకి చదవండి: మంకీ, బ్రష్, ఫ్యామిలీ, స్టూడియో, బ్రిడ్జ్, మోనార్క్. చివరిదాని స్పెల్లింగు సీహెచ్‌తో ముగుస్తుంది, తొందరపడకండి.