రాతి అచ్చు పోస్టుకార్డు, 3వ పాఠం: తిరగబడే గీత

పోయిన పాఠంలో 9 సెంటీమీటర్ల వెడల్పు, 14 సెంటీమీటర్ల పొడవున కార్డు కోసుకుని, పది గీతల్లో ఒక మనిషి బొమ్మ వేశాం. ఈసారి ఆ బొమ్మ అచ్చులోకి ఎలా వెళ్తుందో చూద్దాం.

1912లో మాస్కోలో అలెక్సేయ్ క్రుచోనిఖ్ అనే కవి కొన్ని పోస్టుకార్డులు అచ్చువేయించాడు. బొమ్మలు వేసింది మిఖాయిల్ లారియోనోవ్, నటాలియా గొంచరోవా, అలెగ్జాండర్ షెవ్‌చెంకో, మరికొందరు కొత్త తరం చిత్రకారులు. ప్రదర్శనకు రాని మనిషి చేతికి కూడా బొమ్మ అందాలంటే కార్డును మించింది లేదు. చవక, జేబులో పడుతుంది, టపాలో ఊళ్లు దాటిపోతుంది.

నాకు అంతకన్నా నచ్చే సంగతి ఇంకొకటుంది. మ్యూజియంలో మనం కొనే కార్డు మీద సాధారణంగా పెద్ద పెయింటింగ్‌కు తీసిన ఫొటో ఉంటుంది. వీళ్లవి లితోగ్రాఫులు, అంటే రాతి అచ్చులు. కార్డే అసలు బొమ్మ.

లితోగ్రఫీలో నున్నటి సున్నపురాయి మీద జిడ్డు పెన్సిల్‌తో గీస్తారు. రాయికి బంకా ఆమ్లమూ పట్టించి, తడిపి, సిరా రోలరు దొర్లిస్తారు. తడి ఉన్నచోట సిరా అంటదు, జిడ్డు ఉన్నచోటే పట్టుకుంటుంది. ఆ రాయి మీద కాగితం పరచి నొక్కితే అచ్చు పడుతుంది. చెక్క అచ్చులోలా మధ్యలో ఉలి పట్టి చెక్కేవాడు ఎవరూ లేరు కాబట్టి చెయ్యి వణికితే ఆ వణుకు కూడా కాగితం మీదికి వస్తుంది.

చిక్కల్లా ఒక్కటే: అచ్చులో కుడి ఎడమవుతుంది. నేరుగా రాయి మీద రాస్తే అక్షరాలు తిరగేసి రాయాల్సిందే. అందుకే ముందు ప్రత్యేకమైన కాగితం మీద గీసి, దాన్ని రాయి మీద బోర్లించి నొక్కే పద్ధతి కూడా ఉంది. రెండుసార్లు తిరగబడి, చివరికి సరిగ్గా వస్తుంది.

ఇంట్లో చేసి చూడండి. ట్రేసింగ్ పేపరు మీద 6బీ పెన్సిల్‌తో (మెత్తగా, నల్లగా గీసేది) బొమ్మ వేసి, కింద మీ పేరు రాయండి. గట్టిగా, నల్లగా నొక్కండి. కార్డు మీద బోర్లించి, కదలకుండా పట్టుకుని, వెనక నుంచి స్టీలు చెంచాతో రుద్దండి. ఒక మూల ఎత్తి చూడండి, పడని చోట మళ్లీ రుద్దండి. పేరు తిరగబడి కనిపిస్తుంది. ఆ కార్డును ఇంకో కార్డు మీద బోర్లించి మళ్లీ రుద్దితే పేరు సరిగ్గా వస్తుంది, కాకపోతే బాగా పలచగా. టెన్షన్ పడకండి, పెన్సిల్‌లోని గ్రాఫైట్ అంతే ఇస్తుంది.

రెండు కార్డులూ దాచండి. 4వ పాఠంలో వాటి మీదే చేత్తో రంగు వేస్తాం.