గేమ్ రీమేక్ తెరవెనుక కథ చెప్పడం – 4వ పాఠం: ముందూ వెనకా జరిగితే కారణమైపోదు

ఈసారి వాయిస్ రికార్డింగ్ నేర్చుకుందామని పోయిన పాఠంలో చెప్పాను. అది వచ్చే పాఠానికి జరిగింది. మీ స్క్రిప్టులన్నీ చదివాక, వాటి సంగతి తేల్చకుండా మైకు ముందు కూర్చోబెట్టడం సరికాదనిపించింది.

‘ప్రిన్స్ ఆఫ్ పర్షియా: ది శాండ్స్ ఆఫ్ టైమ్’ అనే వీడియో గేమ్ రీమేక్, అంటే పాత గేమ్‌ను కొత్తగా మళ్లీ చేసే పని, ఎలా నడిచిందో మూడు నిమిషాల వీడియోకు సరిపడా రాయమన్నాను. సిరోంచ, అంకీసా, అహేరి, బల్లార్‌పూర్ నుంచి స్క్రిప్టులు వచ్చాయి. ఇంట్లో తెలుగు మాట్లాడుతూ బడిలో మరాఠీ చదివినవాళ్లు ఇంత చక్కగా రాయడం చూస్తే కడుపు నిండింది. అక్షరదోషాల గురించి ఏమీ అనను, అవి రాస్తూ ఉంటే పోతాయి. తేదీలు కూడా దాదాపు అందరూ సరిగ్గానే పట్టారు. కాబట్టి ప్రకటనలు ఎక్కడ వెతకాలి, స్క్రీన్‌షాట్లు ఎలా దాచుకోవాలి అన్నవి మళ్లీ చెప్పను.

చిక్కల్లా ఒక్క వాక్యంతోనే. కొంచెం అటూ ఇటూగా చాలామంది ఇదే రాశారు: ‘పుణె టీమ్‌కు చేతకాలేదు, అందుకే గేమ్‌ను మాంట్రియల్‌కు ఇచ్చేశారు.’ ఒకరైతే దాన్నే వీడియో టైటిల్‌గా పెట్టారు.

జరిగింది ఒకసారి చూడండి. 2020 సెప్టెంబర్‌లో యూబీసాఫ్ట్ అనే గేమ్ కంపెనీ ఈ రీమేక్‌ను ప్రకటించింది. పని ఆ కంపెనీ పుణె, ముంబై స్టూడియోలది. విడుదల 2021 జనవరి 21న అన్నారు. ట్రైలర్ చూసినవాళ్లు బొమ్మలు పాతగా ఉన్నాయని గట్టిగానే విమర్శించారు. విడుదల మార్చి 18కి జరిగింది. ఫిబ్రవరిలో ఆ తేదీనీ తీసేశారు, కొత్త తేదీ ఇవ్వలేదు. 2022 మేలో పని కెనడాలో అదే కంపెనీకి ఉన్న మాంట్రియల్ స్టూడియో చేతికి వెళ్లింది. అసలు గేమ్ 2003లో పుట్టింది అక్కడే. ఏడాది తర్వాత, 2023 మేలో, గేమ్ ఇంకా ఆలోచనల దశలోనే ఉందని మాంట్రియల్ వాళ్లే చెప్పారు. 2024లో ‘2026లో వస్తుంది’ అన్నారు. 2026 జనవరిలో రద్దు చేశారు.

ఇందులో ‘చేతకాలేదు’ అని ఎవరన్నారు? ఎవరూ అనలేదు. పని చేతులు మారినప్పుడు కంపెనీ ఇచ్చిన ప్రకటనలో, పుణె, ముంబై స్టూడియోలు చేసిన పని మీదే మాంట్రియల్ ముందుకు వెళ్తుందని ఉంది. మీలో చాలామంది ఆ ప్రకటన స్క్రీన్‌షాట్ జత చేశారు కూడా. జత చేసి, సరిగ్గా ఆ వాక్యాన్నే వదిలేశారు! తప్పుల్లో నన్ను అన్నిటికంటే బాధపెట్టింది ఇదే.

దీని గురించి కొంచెం ఎక్కువసేపే మాట్లాడతాను, ఏమీ అనుకోవద్దు. ఇల్లు కట్టేటప్పుడు సగంలో మేస్త్రీ మారాడనుకోండి. పాతాయనకు పని రాదని వీధంతా అనుకుంటుంది. ఇంటాయన మధ్యలో పై అంతస్తు కావాలన్నాడేమో, డబ్బు సర్దుబాటు కాలేదేమో, మొదటి ప్లానే కుదరలేదేమో. బయట నిలబడి చూసేవాడికి కనిపించేది మేస్త్రీ మారడం ఒక్కటే. మీకూ కనిపించింది అంతే. ముందు పుణె, తర్వాత మాంట్రియల్. ఆ రెంటి మధ్య ‘అందుకే’ పెట్టింది మీరు.

దీనికి విరుగుడుగా ‘మాంట్రియల్‌కూ చేతకాలేదు’ అని రాస్తే అదీ ఇదే తప్పు. రద్దు చేసేటప్పుడు కంపెనీ చెప్పింది వేరు: అనుకున్న నాణ్యత రావాలంటే తాము పెట్టగలిగినదానికంటే ఎక్కువ సమయం, పెట్టుబడి కావాలని. అది కంపెనీ మాట. కంపెనీ మాటగానే రాయండి.

పుణె అంటే మన జిల్లాల పిల్లలు చదువులకూ ఉద్యోగాలకూ వెళ్లే ఊరు. ఆ స్టూడియోల్లో రాత్రింబవళ్లు కూర్చుని పని చేసినవాళ్ల మీద, రుజువు లేకుండా, మన తెలుగు వీడియోలో మన నోటితో ‘చేతకానివాళ్లు’ అన్న ముద్ర పడకూడదు.

నేను పాటించే పద్ధతి చెప్తాను. పొడుగు నోట్‌బుక్‌లో పేజీకి మూడు గడులు గీస్తాను. మొదటిది వాళ్లు చెప్పింది. రెండోది నేను కళ్లారా చూసింది. మూడోది నా ఊహ. వాయిదాకు ఎర్ర పెన్ను, పని చేతులు మారితే నీలం. ఫోన్‌లో కంటే కాగితం మీదే నాకు తప్పు త్వరగా కనిపిస్తుంది. లీక్ వీడియోలు నేను అస్సలు ముట్టుకోను.

ఈ గేమ్‌తోనే మూడో గడి చూపిస్తాను. అసలు గేమ్‌లో గోడ మీద నుంచి జారిపడ్డ రాజకుమారుడు, పడిన దారినే వెనక్కి లేచి మళ్లీ గోడ మీదికి చేరతాడు. కాలం వెనక్కి తిరుగుతుందన్నమాట. అది జరగాలంటే కిందటి కొన్ని సెకన్లలో అతని కాలు ఎక్కడుంది, కత్తి ఏ వైపు ఉంది, శత్రువు ఎటు కదిలాడు అన్నవన్నీ గేమ్ గుర్తుపెట్టుకోవాలి. రీమేక్‌లో కదలికలన్నీ కొత్తగా తీస్తే, ప్రతి కదలికా ఇలా వెనక్కి నడవాలి. పని కష్టమే. అయితే ఆలస్యానికి ఇదే కారణమని ఎవరూ చెప్పలేదు కాబట్టి నా నోట్‌బుక్‌లో ఇది మూడో గడిలోనే ఉంది. వీడియోలో వాడితే ‘నా ఊహ’ అని పైకి చెప్పే వాడతాను.

పోల్చి చూడటానికి ‘ఫైనల్ ఫాంటసీ 7’ రీమేక్ తీసుకోండి. 2015లో ప్రకటించారు. సైబర్‌కనెక్ట్2 అనే బయటి స్టూడియో కొంత పని చేసింది. 2017లో ఆ గేమ్ కంపెనీ స్క్వేర్ ఎనిక్స్ ఆ పనిని తన సొంత టీమ్‌కు తెచ్చుకుంది. నాణ్యత, షెడ్యూల్ తమ చేతిలో ఉండాలన్నది వాళ్లు చెప్పిన కారణం. 2020 ఏప్రిల్ 10న గేమ్ వచ్చింది. ఇక్కడ చేతులు మారాక గేమ్ బయటికొచ్చింది, అక్కడ చేతులు మారాక ఆగిపోయింది. కాబట్టి చేతులు మారడం ఒక్కటీ చూసి ఎవరి గొప్పా తేల్చలేం, ఎవరి తప్పూ తేల్చలేం.

ఇక అభ్యాసం. ఈసారి బరువుగానే ఉంటుంది.

పాత స్క్రిప్టు మొత్తం తిరిగి రాయండి. ‘వల్ల’, ‘అందుకే’, ‘దాంతో’ అన్నవి ఎక్కడ కనిపించినా గీత గీసి, పక్కన గడి నంబరు వేయండి. మూడో గడిదైతే ఆ వాక్యాన్ని తీసేయండి, లేదా ఊహ అని చెప్పండి. తర్వాత ‘సిస్టమ్ షాక్’ రీమేక్ మీద కొత్త స్క్రిప్టు రాయండి: 2016లో కిక్‌స్టార్టర్‌లో జనం దగ్గర డబ్బు సేకరించారు, మధ్యలో ఇంజిన్, అంటే గేమ్‌ను నడిపే సాఫ్ట్‌వేర్, మార్చారు, 2018లో కొంతకాలం పని ఆపారు, 2023 మేలో విడుదల చేశారు. దీనికి మూడు గడులూ నిండాలి. రెండో గడి కోసం ట్రైలర్‌ను ఆపి ఆపి చూడండి. ‘బాగాలేదు’ అని రాయొద్దు. గోడ రంగు, చేతి కదలిక, వెలుగు ఎటు నుంచి పడుతోందో రాయండి.

రెండు స్క్రిప్టులూ ఇంట్లో గేమ్స్ ఆడని వాళ్లకు చదివి వినిపించండి. ‘మరి ఎందుకు ఆగింది?’ అని వాళ్లు అడిగిన ప్రతిచోటా ఒక చుక్క పెట్టండి. ఆ చుక్కలున్న కాగితం ఫొటో తీసి, స్క్రిప్టులతో పాటు పంపండి. అది లేకుండా వచ్చిన స్క్రిప్టు నేను తెరవను.