జాంగోలో ఫిల్టర్ షరతులు చదవగలిగేలా రాయడం

భీమవరం, ఆకివీడు చెరువుల నుంచి 40 కౌంట్‌లోపు, అంటే కిలోకు 40కి మించని రొయ్య వివరాలు పైథాన్ వెబ్ ఫ్రేమ్‌వర్క్ జాంగోతో డేటాబేస్ నుంచి కావాలనుకోండి. అన్నీ ఒకే ఫిల్టర్‌లో కుక్కొద్దు, ముందు షరతులకు పేర్లు పెట్టండి (క్యూ, అంటే Q, ఒక షరతును పట్టి ఉంచే జాంగో వస్తువు; | అంటే ‘లేదా’; ఎల్‌టీఈ, అంటే lte, ‘అంతకు మించని’):

మన_ఊళ్లు = క్యూ(ఊరు="భీమవరం") | క్యూ(ఊరు="ఆకివీడు")
పెద్ద_రొయ్య = క్యూ(కౌంట్__ఎల్‌టీఈ=40)

తర్వాత ఫిల్టర్(మన_ఊళ్లు & పెద్ద_రొయ్య) చాలు, రెండు షరతులూ కలిసిన సరుకే వస్తుంది.

పేర్లు లేకుండా ఒకే వరుసలో రాస్తే ఊళ్ల చుట్టూ బ్రాకెట్లు తప్పనిసరి. పైథాన్‌లో | కంటే & ముందు లెక్కకొస్తుంది. బ్రాకెట్లు మరిస్తే భీమవరం సరుకంతా, 100 కౌంట్‌తో సహా, వచ్చేస్తుంది.

అంతకన్నా ప్రమాదం & బదులు ‘అండ్’ రాయడం. ఎర్రర్ రాదు, పైథాన్ మొదటి షరతు వదిలేసి రెండోదే ఇస్తుంది, ఊరి సంగతి గాలికిపోతుంది. అలాగే షరతును తిరగేయడానికి ‘నాట్’ కాదు, ~ వాడాలి. ఊళ్లు ఎక్కువైతే | గొలుసు ఎందుకు, ఊరు__ఇన్‌కి ఊళ్ల లిస్టు ఇవ్వండి, వాటిలో ఏ ఊరైనా సరిపోతుంది.