మంజూరు పత్రం చేతికి రాకుండా పని మొదలుపెట్టకండి: వారసత్వ గ్రాంట్ల కోసం వెళ్లే సంఘాలకు జాగ్రత్తలు

2025 ఏప్రిల్ మొదట్లో అమెరికాలో చరిత్ర, సాహిత్యం లాంటి రంగాలకు నిధులిచ్చే ప్రభుత్వ సంస్థ నేషనల్ ఎండోమెంట్ ఫర్ ది హ్యుమానిటీస్ వెయ్యికి పైగా గ్రాంట్లను ఉన్నపళంగా రద్దు చేసింది. అవేమీ ఇస్తామని నోటిమాటగా చెప్పినవి కావు. సంతకాలు అయిపోయి, చాలావరకు పని నడుస్తున్నవి. మ్యూజియాలు, లైబ్రరీలు, స్థానిక చరిత్ర మీద పనిచేసే సంఘాలు ఒక్క మెయిల్‌తో దిక్కుతోచని స్థితిలో పడ్డాయి. కొందరు కోర్టుకెక్కారు, ఊరట కూడా పొందారు. కానీ కోర్టు తీర్పు వచ్చేదాకా జీతాలు, అద్దెలు ఆగవు కదా.

సంతకమైన గ్రాంటుకే ఆ గతి పట్టినప్పుడు, సంతకం కాని గ్రాంటును నమ్ముకుని అప్పు తెచ్చి పని మొదలుపెట్టిన వాళ్ల సంగతేమిటి? పాత కట్టడాలు, పత్రాలు, జ్ఞాపకాలు కాపాడటానికి ఇచ్చే వారసత్వ గ్రాంట్లకు దరఖాస్తుల కాలం వచ్చిందంటే నాకు టెన్షన్ పట్టుకునేది అక్కడే. గడువులోపు పంపండి, ఫారం పూర్తిగా నింపండి, బ్యాంకు ఖాతా సంఘం పేరునే ఉంచండి లాంటివి అందరికీ తెలిసినవే, వాటి జోలికి పోను. మంచి సంఘాలను, నిజాయితీగా పనిచేసే వాళ్లను ముంచేస్తున్న తప్పు ఒకటే. మంజూరు పత్రం రాకముందే పని మొదలుపెట్టడం.

ఇది ఎలా జరుగుతుందో దగ్గరగా చూశాను. ఒక సంఘం పాత గ్రంథాలయ భవనం బాగుచేయించడానికి దరఖాస్తు పెట్టింది. 'మీ ప్రాజెక్టును సిఫారసు చేశాం' అని మెయిల్ వచ్చింది. అందరూ దాన్ని 'డబ్బు వచ్చేసింది' అని చదువుకున్నారు. వానలు దగ్గరపడుతున్నాయి, మేస్త్రీ ఖాళీగా ఉన్నాడు, ఆలస్యమైతే గోడ నిలవదని కంగారు. అప్పు తెచ్చి, పాత సున్నపు పూత చెక్కించి, సిమెంటు పూయించారు. ఆ పూత కింద ద్వారబంధం పక్కన పాత అక్షరాలు బయటపడ్డాయి. ఎవరూ ఫొటో తీయలేదు. సాయంత్రానికల్లా వాటి మీద సిమెంటు పడింది. తర్వాత తనిఖీకి వచ్చిన నిపుణుడు చూడాల్సింది భవనం అసలు స్థితిని. చూపించడానికి అది లేదు. గ్రాంటు పోయింది, అప్పు మిగిలింది. ఆ అక్షరాలు ఏమిటో ఇక ఎప్పటికీ తెలియదు.

గ్రాంటు ఇచ్చేవాళ్లు ఇందులో ఇంత పట్టుదలగా ఎందుకుంటారంటే, వాళ్ల సొమ్ము జరగబోయే పనికి, జరిగిపోయిన ఖర్చుకు కాదు. మా సాయం లేకుండానే పని అయిపోయిందిగా, ఇక మేమెందుకు అంటారు. బ్రిటన్‌లో లాటరీ సొమ్ముతో వారసత్వ పనులకు సాయం చేసే నేషనల్ లాటరీ హెరిటేజ్ ఫండ్ ఇంకో మెట్టు పైకి వెళ్తుంది. గ్రాంటు ఇచ్చినట్టు ఉత్తరం వచ్చాక కూడా, పని ప్రారంభించడానికి విడిగా అనుమతి తీసుకోవాలి. అది వచ్చేదాకా పలుగు ఎత్తకూడదు. అమెరికాలో 1966 నాటి జాతీయ చారిత్రక సంరక్షణ చట్టం 106వ సెక్షన్ ప్రకారం, ఫెడరల్ సొమ్ము ఖర్చుకు ఆమోదం ఇచ్చే ముందే ఆ పని చారిత్రక కట్టడం మీద ఏ ప్రభావం చూపుతుందో సమీక్షించాలి. ఆ సమీక్షను తప్పించుకునే ఉద్దేశంతో ముందే కట్టడాన్ని దెబ్బతీస్తే అసలు సాయమే అందకుండా చేసే నిబంధన కూడా ఆ చట్టంలో ఉంది. అంటే తొందరపడితే ఖర్చు రాకపోవడమే కాదు, అర్హతే పోవచ్చు.

మరి వాన వచ్చి కప్పు కూలిపోతుంటే చూస్తూ కూర్చోవాలా? అక్కర్లేదు. టార్పాలిన్ కప్పండి, కర్రలతో ఊతం పెట్టండి, నీళ్లు మళ్లించండి. ఇవన్నీ రేపు తీసేయగలిగినవి. ముందు ఫొటోలు తీసి, నిధి ఇచ్చే సంస్థకు అదే రోజు మెయిల్ పెట్టండి. అత్యవసరంగా శాశ్వత మరమ్మతు కావాలంటే రాతపూర్వక అనుమతి అడగండి. ఫోన్‌లో 'కానివ్వండి సార్' అన్న మాటకు ఆడిట్‌లో విలువ లేదు. అన్నవాళ్లు బదిలీ అయిపోతారు, ఫైలు మాత్రం మిగులుతుంది.

ఎదురుచూసే నెలలు వృథా ఏమీ కావు. ప్రతి గోడను, ప్రతి పత్రాన్ని కొలబద్ద పక్కన పెట్టి ఫొటో తీయొచ్చు. కొటేషన్లు తెప్పించుకోవచ్చు. పాత కాగితాలకు జాబితా రాసుకోవచ్చు. ముసలివాళ్ల జ్ఞాపకాలు రికార్డు చేయడమైతే అసలు ఆపకూడదు, వాళ్లు గ్రాంటు కోసం ఆగరు. దానికి ఒక ఫోను, సంతకం పెట్టిన అనుమతి కాగితం చాలు. అయితే ఆ ఖర్చు గ్రాంటులో చూపించకండి.

డబ్బు విషయంలో రెండు మాటలు. గ్రాంటు మొత్తం ఒకేసారి చేతికి రావడం అరుదు. వాయిదాల్లో వస్తుంది, చివరి వాయిదా ముగింపు నివేదిక ఇచ్చాకే. కొన్నిచోట్ల ముందు మీరు ఖర్చుపెట్టి బిల్లులు ఇస్తే తర్వాత చెల్లిస్తారు. ఆ మధ్యకాలం ఎలా గడుస్తుందో లెక్క వేసుకోకుండా ఒప్పుకోకండి. రెండోది సొంత వాటా. అమెరికాలో చారిత్రక కట్టడాలు, సేకరణల సంరక్షణకు ఇచ్చే సేవ్ అమెరికాస్ ట్రెజర్స్ గ్రాంటుకు రూపాయికి రూపాయి లెక్కన సమాన వాటా చూపాలి. వాలంటీర్ల శ్రమను వాటాగా చూపించే వీలుంటే, ఎవరు, ఏ రోజు, ఎన్ని గంటలు చేశారో సంతకాలతో అప్పటికప్పుడే రాసుకోండి. ఏడాది చివర కూర్చుని గుర్తు తెచ్చుకుని రాసిన హాజరు పట్టీ చూడగానే తెలిసిపోతుంది.

ఇక మిగిలినవి వరసగా చెప్పేస్తాను.

'సిఫారసు', 'ఎంపిక', 'అభినందనలు' అనే మాటలు మంజూరు కావు. మొత్తం, తేదీలు, సంతకం ఉన్న పత్రమే మంజూరు.

ఆ పత్రంలోని ప్రారంభ తేదీకి ముందు తేదీ ఉన్న ఒక్క బిల్లు కూడా ఫైలులో పెట్టవద్దు.

మేస్త్రీకి అడ్వాన్స్ ఇవ్వడం కూడా పని మొదలుపెట్టడమే. స్కానర్ ఆర్డర్ పెట్టడం కూడా అంతే.

విదేశీ సంస్థ నిధి అయితే మీ దేశ చట్టం ముందు చూసుకోండి. భారతదేశంలో విదేశీ విరాళాల నియంత్రణ చట్టం (ఎఫ్‌సీఆర్‌ఏ) కింద రిజిస్ట్రేషన్ గానీ, ముందస్తు అనుమతి గానీ లేని సంఘం విదేశీ విరాళం తీసుకోకూడదు.

సున్నంతో కట్టిన గోడకు సిమెంటు పూయవద్దు. గోడలోని తేమ బయటకు పోయే దారి మూసుకుపోతుంది, ఉప్పు పేరుకుంటుంది, ఇటుక ముఖం రాలిపోతుంది.

పాత కాగితాలకు లామినేషన్ చేయించవద్దు. సెలో టేపు అంటించవద్దు.

స్కానింగ్ కోసం అసలు ప్రతులను ఎవరికీ ఇచ్చి పంపవద్దు. వివిధ దేశాల్లో పాడైపోయే ప్రమాదంలో ఉన్న పాత పత్రాలను డిజిటల్‌గా భద్రపరచడానికి 2004 నుంచి నడుస్తున్న బ్రిటిష్ లైబ్రరీ ఎండేంజర్డ్ ఆర్కైవ్స్ ప్రోగ్రామ్ కూడా అసలు ప్రతులు ఏ దేశానివి ఆ దేశంలోనే ఉండాలంటుంది, డిజిటల్ నకళ్లే తీసుకుంటుంది.

స్కాన్లు, ఫొటోలు ఎవరైనా వాడుకునేలా పెట్టాలనే షరతు ఉందేమో సంతకానికి ముందే చదవండి. హెరిటేజ్ ఫండ్‌లో ఆ షరతు ఉంది. ఇంటి ఆల్బమ్ ఇచ్చిన కుటుంబానికి ముందే చెప్పి, ఒప్పుకుంటేనే తీసుకోండి.

పని మార్చాలన్నా, ఒక పద్దులో సొమ్ము ఇంకో పద్దుకు వాడాలన్నా ముందు రాసి అడగండి. చేశాక చెప్పవద్దు.

సంఘం సొమ్ము, గ్రాంటు సొమ్ము కలపవద్దు. కోశాధికారి ఒక్కరి చేతిలోనే లెక్కలు వదిలేయవద్దు.

చేతికొచ్చిన వాయిదాను మించి ఎవరికీ మాట ఇవ్వవద్దు.

మినిట్స్ బుక్‌లో ఈ తీర్మానం ఇవాళే రాసి సభ్యులందరి చేత సంతకాలు పెట్టించండి: మంజూరు పత్రం అందరి ముందూ చదివేవరకు ఎవరూ పని మొదలుపెట్టరాదు, ఎవరికీ అడ్వాన్స్ ఇవ్వరాదు, సంఘం పేరున అప్పు తేరాదు. అధ్యక్షుడికి కూడా మినహాయింపు లేదు.