ఒకరి ఆర్డర్ ఇంకొకరి బిల్లులో పడుతోందా?

ఆర్టీసీ క్రాస్‌రోడ్స్ దగ్గర ఒక బిర్యానీ హోటల్‌కి పైథాన్ అనే ప్రోగ్రామింగ్ భాషలో బిల్లింగ్ సాఫ్ట్‌వేర్ రాసిచ్చాను. ఆదివారం మధ్యాహ్నం, మంచి రద్దీలో కౌంటర్ నుంచి ఫోన్ వచ్చింది: "అన్నా, నాలుగో టేబుల్ బిల్లులో పార్సిల్ వాళ్ల ఫ్యామిలీ ప్యాక్ కూడా పడుతోంది!" కస్టమర్ ముందు నిలబడ్డ ఆ కుర్రాడి టెన్షన్ నాకు ఫోన్‌లోనే తెలిసింది.

కారణం: ఆర్డర్ క్లాసులో (ప్రతి ఆర్డర్‌కీ నమూనా ఇదే) ఐటమ్స్ లిస్టును ఇనిట్ మెథడ్ (__init__, కొత్త ఆర్డర్ తెరిచిన ప్రతిసారీ నడిచే కోడ్) బయట, నేరుగా క్లాసు కింద రాశాను. అలా రాస్తే అది క్లాసు లిస్టు అవుతుంది. ఎన్ని ఆర్డర్లు తెరిచినా అన్నిటికీ అదొక్కటే. ఇంట్లో ఒక్క ఆర్డరే తెరిచి చూశాను కాబట్టి తప్పు బయటపడలేదు. ఇనిట్ పారామీటర్‌కి (బయటి నుంచి విలువ తీసుకునే చోటు) డీఫాల్ట్‌గా, అంటే ఏమీ ఇవ్వనప్పుడు వాడే విలువగా, ఖాళీ లిస్టు ఇచ్చినా ఇదే జరుగుతుంది, ఎందుకంటే పైథాన్ ఆ లిస్టును ఫంక్షన్‌ని నిర్వచించేటప్పుడు ఒక్కసారే తయారుచేస్తుంది.

రెండు ఆర్డర్లు తెరిచి వాటి ఐటమ్స్‌ను 'ఈజ్'తో (is, రెండూ ఒకే వస్తువా అని చూసేది) పోల్చండి. ట్రూ (True) వస్తే జబ్బు ఇదే.

పరిష్కారం: ఇనిట్ లోపల, సెల్ఫ్ (self, అంటే ఆ ఒక్క ఆర్డర్) మీద కొత్త లిస్టు పెట్టండి. పారామీటర్ డీఫాల్ట్‌గా None (ఏమీ లేదు అని చెప్పే విలువ) ఇవ్వండి. డేటాక్లాస్ (ఇనిట్‌ని పైథానే రాసిపెట్టే క్లాసు) వాడుతుంటే, ప్రతి ఆర్డర్‌కీ కొత్త లిస్టు తయారుచేసే డీఫాల్ట్ ఫ్యాక్టరీ (default_factory) ఉంది. నాకైతే డేటాక్లాసే నచ్చుతుంది, లిస్టును నేరుగా డీఫాల్ట్‌గా ఇస్తే తనంతట తనే ఎర్రర్ చూపించి ఆపేస్తుంది.

సమస్య: మెనూలో రేటు పెంచాక పాత బిల్లు మళ్లీ ప్రింట్ తీస్తే కొత్త రేటు వస్తోంది.

ఆర్డర్ లైన్ (ఆర్డర్‌లో ఒక్కో ఐటమ్‌కి ఉండే వరస) రేటు కోసం ప్రతిసారీ మెనూ ఐటమ్ దగ్గరికే వెళ్తోందన్నమాట. మెనూలో ఉండేది ఇవాళ్టి రేటు, ఆర్డర్‌లో ఉండాల్సింది ఆ రోజు కస్టమర్‌కి చెప్పిన రేటు. ఐటమ్ చేర్చిన క్షణంలోనే పేరు, రేటు, పన్ను శాతం ఆర్డర్ లైన్‌లోకి కాపీ చేసుకోండి.

సమస్య: జీఎస్టీలో పైసా తేడా.

285 రూపాయల మీద 2.5 శాతం సీజీఎస్టీ (జీఎస్టీలో కేంద్రం వాటా) అంటే 7.125. క్యాలిక్యులేటర్‌తో లెక్క వేసుకున్న ఓనర్ 7.13 అంటారు. పైథాన్ రౌండ్ (round, అంకెల్ని కుదించే ఫంక్షన్) మాత్రం సరిగ్గా సగం వస్తే సరిసంఖ్య వైపు వెళ్తుంది కాబట్టి 7.12 ఇస్తుంది. డబ్బుకి ఫ్లోట్ (float, పైథాన్‌లో మామూలు దశాంశ సంఖ్య) వద్దు. డెసిమల్ (Decimal, దశాంశాల్ని ఉన్నదున్నట్టు దాచే రకం) వాడి, 'రౌండ్ హాఫ్ అప్' (ROUND_HALF_UP, సగం వస్తే పైకి) అని స్పష్టంగా చెప్పండి. డెసిమల్‌కి విలువను కోట్స్‌లో, స్ట్రింగ్‌గా (అక్షరాల రూపంలో) ఇవ్వండి.

మార్చాక హోటల్‌కి ఇచ్చే ముందు కనీసం రెండు టేబుళ్లు, ఒక పార్సిల్ ఒకేసారి తెరిచి, ఐటమ్స్ కలగలిపి కొట్టి చూడండి.