తక్కువ ఖర్చు, మంచి తిండి, నాలుగు అక్షరాలు – 4వ పాఠం: ప్యాకెట్ వెనక ఏముంది?

కిందటి పాఠంలో ఇంట్లో ఉన్న సరుకులన్నీ ఒక కాగితం మీద రాయమన్నాను. రాసి ఉంటే ఆ కాగితం దగ్గర పెట్టుకోండి. రాయకపోతే పర్వాలేదు, అల్మరా తలుపు తెరిచి కూర్చున్నా పని జరుగుతుంది.

ఈసారి నేర్చుకునే పని ఒక్కటే: కొనేముందు, వండేముందు చదవడం. ఆ చదివే పని పిల్లలకు అప్పగిస్తాం.

పిల్లలు పుస్తకం ముట్టుకోవడం లేదని బాధపడే ఇళ్లలోకి కూడా రోజూ బోలెడన్ని అచ్చు అక్షరాలు వస్తుంటాయి. నూనె డబ్బా మీద, బిస్కెట్ ప్యాకెట్ మీద, పిండి సంచి మీద. వాటి వంక ఎవరూ చూడరు. చూడనందుకు ఒకపక్క డబ్బు పోతుంది, ఇంకోపక్క ఒంటికి అక్కర్లేనిది లోపలికి పోతుంది. పిల్లలకు తాము చదివింది అప్పటికప్పుడు దేనికో ఒకదానికి పనికొస్తేనే చదువు మీద గురి కుదురుతుంది. "చదువుకో నాన్నా, మంచిది" అని వందసార్లు అన్నా కదలని పిల్లవాడు, "ఉప్పు ఎంతో నువ్వు చదివి చెప్తేనే వేస్తాను" అంటే పరుగెత్తుకొస్తాడు.

ముందువైపు వదిలేయండి

ప్యాకెట్ ముందువైపు ఉండేది కంపెనీ చెప్పదలచుకున్నది. వెనకవైపు ఉండేది చెప్పక తప్పనిది. అందుకే ప్యాకెట్ చేతిలోకి రాగానే వెనక్కి తిప్పడం పిల్లలకు అలవాటు చేయండి.

మొదట చదవాల్సింది దినుసుల జాబితా. దాదాపు అన్ని దేశాల్లోనూ ఈ జాబితాకు ఒక నియమం ఉంది: తయారీలో ఏది ఎక్కువ బరువు పడిందో అది ముందు రావాలి, తక్కువ పడింది చివరికి పోవాలి. అంటే మొదటి మూడు పేర్లు చదివితే ఆ ప్యాకెట్ సంగతి చాలావరకు తెలిసిపోతుంది. ముందువైపు పండ్ల బొమ్మలు నిండుగా ఉండి, వెనక జాబితాలో పండు ఎనిమిదో చోట కనిపిస్తే ఇంక ఎవరూ వివరించనక్కర్లేదు. పిల్లలే నవ్వుతారు.

చక్కెర మాత్రం మారువేషాల్లో వస్తుంది. సుక్రోజ్, గ్లూకోజ్, ఫ్రక్టోజ్, డెక్స్‌ట్రోజ్, మాల్టోజ్, కార్న్ సిరప్, ఇన్వర్ట్ సిరప్ అన్నీ ఆ కుటుంబమే. ఒకే ప్యాకెట్లో రెండు మూడు పేర్లతో విడివిడిగా వేస్తే ఒక్కొక్కటీ జాబితాలో కిందికి జారిపోతుంది, మొత్తం కలిపి చూస్తే మొదటి చోటుకు రావలసిన సరుకు అది. చదవడం ఇప్పుడిప్పుడే పట్టుబడుతున్న పిల్లలకు ఇది మంచి ఆట. "చివర 'ఓజ్' అని వచ్చేవి వెతికి పట్టుకో" అనండి. సెల్యులోజ్ దొరికితే మాత్రం వదిలేయమనాలి, అది పీచు. ఏ ఆటలోనైనా ఒక అమాయకుడు దొంగల్లో కలిసిపోవడం ఉండేదే.

తర్వాత పోషకాల పట్టిక. ఇందులో చాలాసార్లు రెండు వరుసలుంటాయి, ఒకటి "ఒకసారి తినేదానికి", రెండోది "100 గ్రాములకు". మొదటి వరుసను నమ్ముకోవద్దు. ఒకసారికి రెండు బిస్కెట్లే తింటామని కంపెనీ లెక్క వేసుకుంటుంది. మీ ఇంట్లో రెండు బిస్కెట్లతో ఆగేవాళ్లెవరో చెప్పండి చూద్దాం. ఎప్పుడూ 100 గ్రాముల వరుసే చదివించండి, అప్పుడే రెండు ప్యాకెట్లను పక్కపక్కన పెట్టి పోల్చడానికి వీలవుతుంది.

ఒక లెక్క చేసి చూద్దాం. 80 గ్రాముల బిస్కెట్ ప్యాకెట్ ఉందనుకోండి. 100 గ్రాములకు చక్కెర 25 గ్రాములని రాసి ఉంది. అంటే ప్యాకెట్ మొత్తంలో 20 గ్రాములు. ఒక చిన్న చెంచా చక్కెర సుమారు 4 గ్రాములు, కాబట్టి 5 చెంచాలు. ఇది నోటితో చెప్పి ఊరుకోవద్దు. గాజు గ్లాసు తెచ్చి, పిల్లలతోనే డబ్బాలోంచి 5 చెంచాల చక్కెర అందులో వేయించండి. ఆ గ్లాసును ప్యాకెట్ పక్కన పెట్టాక మీరు నోరు విప్పనక్కర్లేదు.

ఆ 20 గ్రాములు ఎక్కువా తక్కువా అంటే, ప్రపంచ ఆరోగ్య సంస్థ 2015 మార్గదర్శకాల ప్రకారం రోజంతా తినే శక్తిలో ఇలా కలిపిన చక్కెరల వాటా 10 శాతం దాటకూడదు, 5 శాతం లోపు ఉంటే ఇంకా మేలు. రోజుకు 2000 కిలోకేలరీలు తినే పెద్దవాళ్లకు 10 శాతం అంటే 50 గ్రాములు. పిల్లలు తినేదే తక్కువ కాబట్టి వాళ్ల హద్దు ఇంకా కిందే.

ఉప్పుకు ఇంకో చిన్న మెలిక ఉంది. చాలా ప్యాకెట్ల మీద "ఉప్పు" అని ఉండదు, "సోడియం" అని మిల్లీగ్రాముల్లో ఉంటుంది. దాన్ని 2.5తో గుణిస్తే ఉప్పు వస్తుంది. 400 మిల్లీగ్రాముల సోడియం అంటే 1 గ్రాము ఉప్పు. పెద్దవాళ్లకు రోజు మొత్తానికి 5 గ్రాములు మించకూడదు. హైస్కూలు వయసు పిల్లలుంటే ఈ గుణకారం వాళ్లకే వదిలేయండి, దశాంశాలు బళ్లో కంటే ఇక్కడ త్వరగా వంటబడతాయి.

నూరు గ్రాముల ధర

పెద్ద ప్యాకెట్ కొంటే కలిసొస్తుందని అందరం అనుకుంటాం. చాలాసార్లు నిజమే, కానీ ప్రతిసారీ కాదు. 400 గ్రాముల ప్యాకెట్ 20 నాణేలు, 900 గ్రాములది 48 నాణేలు అనుకుందాం. మొదటిది 100 గ్రాములకు 5 నాణేలు పడుతుంది, రెండోది 5.33. పెద్దదే ఖరీదు! చదివి, భాగించి చూస్తే తప్ప ఇది కంటికి ఆనదు. సరుకుల చీటీలో ఒక్కో వస్తువు పక్కన "100 గ్రా." అని చిన్న గడి గీయండి. దుకాణంలో ఆ గడి నింపే పని పిల్లలది.

ఇదే లెక్కను ఇంకో మెట్టు ఎక్కించవచ్చు. మనం కొనేది బరువు కాదు కదా, తిండిలోని బలం. 150 గ్రాముల ఎండు శనగల్లో సుమారు 30 గ్రాముల ప్రోటీన్ ఉంటుంది, 5 కోడిగుడ్లలోనూ దాదాపు అంతే. మీ దగ్గర ఈ రెంటిలో ఏది ఎంత పడుతుందో, అదే ప్రోటీన్‌కు మాంసం ఎంత పడుతుందో పక్కపక్కన రాయించండి. ఎండు గింజలు సాధారణంగా గెలుస్తాయి. నానబెట్టి ఉడికిస్తే అవి రెట్టింపుకు మించి బరువు పెరుగుతాయి కాబట్టి, ఎండు గింజల ధరను ఉడికించి డబ్బాల్లో అమ్మేవాటి ధరతో నేరుగా పోల్చకూడదు.

ప్రోటీన్ అనేది అమైనో ఆమ్లాలనే చిన్న ముక్కల కూర్పు, మెథియోనిన్, లైసిన్ అలాంటివే. గింజల్లో, పప్పుల్లో మెథియోనిన్ తక్కువ, లైసిన్ బాగా ఉంటుంది. వరి, గోధుమల్లాంటి ధాన్యాల్లో అది తిరగబడుతుంది. అందుకే రెండూ తినే ఇంట్లో ఒకదాని లోటును ఇంకొకటి పూడుస్తుంది. రెండూ ఒకే ముద్దలో ఉండాలని లేదు, ఆ రోజు తిండిలో ఎక్కడో ఒకచోట పడితే చాలు. గింజల్లోని, ఆకుకూరల్లోని ఇనుము బాగా ఒంటబట్టాలంటే అదే పూట నిమ్మరసమో, టమాటానో, ఏదైనా పుల్లటి పండో ఉండాలి. టీ, కాఫీ మాత్రం భోజనానికి దూరంగా తాగితే మంచిది. ఇవేవీ ఖర్చు పెంచేవి కావు.

వంట చీటీ

ఈ పాఠంలో నాకు ఎక్కువ ఇష్టమైన భాగం ఇదే. మీరు వారానికోసారి తప్పకుండా వండే వంటకం ఒకటి ఎంచుకోండి. దాన్ని మీరు చెబుతుంటే పిల్లలు అట్ట మీద పెద్ద అక్షరాల్లో రాయాలి. ఒక్కో అడుగుకు ఒక్కో వాక్యం. "తగినంత", "కొంచెం" అనే మాటలు చీటీలో ఉండకూడదు. కొలిచి రాయాలి. మీకు ఇది ఇబ్బందిగానే ఉంటుంది, ఎందుకంటే చేతికి వచ్చినంత వేసే అలవాటు కదా. ఒక్కసారి ఓపిక పట్టండి.

తర్వాత ప్రతి వారం ఆ వంట చేసేటప్పుడు చీటీని గట్టిగా చదివేది పిల్లలు, చేసేది మీరు. వాళ్లు చదవని పని మీరు చేయకూడదు. ఉల్లిపాయలు తరగమని చదవలేదా, తరగరు. నూనె వేశాక స్టవ్ తగ్గించమని చదవడం మరిచిపోయారా, "తర్వాత?" అని అడగండి.

ఒకే చీటీ మళ్లీ మళ్లీ చదివితే లాభమేమిటన్న అనుమానం వస్తుంది. చదువు నేర్పేవాళ్లలో ఈ పద్ధతికి పేరే ఉంది, పునఃపఠనం అంటారు. ఎస్. జే శామ్యూల్స్ అనే అమెరికా పరిశోధకుడు 1979లో దీని గురించి రాశాడు. చిన్న భాగాన్ని తడబాటు పోయేదాకా మళ్లీ మళ్లీ చదివిస్తే, ఆ తర్వాత ఇచ్చిన కొత్త భాగాన్ని కూడా పిల్లలు అంతకుముందు కంటే మెరుగ్గా మొదలుపెడతారన్నది అందులోని సారం. బళ్లో ఒకే పేరా పదిసార్లు చదవమంటే పిల్లలు విసుక్కుంటారు. వంట చీటీతో ఆ గొడవ లేదు, చివర తినడానికి ఏదో ఒకటి వస్తుంది.

చీటీని వరుస తప్పకుండా చదవడం ఎందుకు ముఖ్యమో చెప్పడానికి రాజ్మా గింజలు మంచి ఉదాహరణ. పచ్చి రాజ్మాలో ఫైటోహేమగ్లుటినిన్ అనే పదార్థం ఉంటుంది. సరిగ్గా ఉడకని గింజలు కొన్ని తిన్నా కొద్ది గంటల్లో వాంతులు పట్టుకుంటాయి. నానబెట్టాలి, ఆ నీళ్లు పారబోయాలి, కొత్త నీళ్లలో అరగంట తెర్లుతూ ఉడకాలి. సన్నసెగ మీద గంటల తరబడి ఉంచినా ఆ వేడి చాలకపోవచ్చు. ఈ మూడు వాక్యాల్లో ఒకటి ఎగరగొడితే ఏమవుతుందో పిల్లలకు వివరంగా చెప్పండి. చదివేదానికి బరువుంటుందని వాళ్లకు తెలియాలి.

చదివేటప్పుడు పదం దగ్గర ఆగిపోతే వెంటనే అందించకండి. మనసులో ఐదు అంకెలు లెక్కపెట్టి, అప్పటికీ రాకపోతే మామూలుగా చెప్పేసి ముందుకు పోండి. ప్రతి తప్పూ దిద్దుతూ పోతే వచ్చే వారం వంటింటి గడప తొక్కరు. మీకే చదవడం అంతగా రాకపోతే ఇంకా మంచిది. అప్పుడు పిల్లలు నిజంగానే మీకోసం చదువుతున్నట్టు, పరీక్ష కోసం కాదు.

మిగిలిన తిండి మీద పేరు

ఐక్యరాజ్యసమితి పర్యావరణ కార్యక్రమం 2024లో వెలువరించిన నివేదిక ప్రకారం, 2022లో ప్రపంచవ్యాప్తంగా వృథా అయిన తిండి 105 కోట్ల టన్నులు. అందులో 60 శాతం పోయింది ఇళ్లలోనే. మన వంతు తగ్గించడానికి చిన్న కాగితం ముక్కలు, పెన్ను చాలు. మిగిలిన ప్రతి గిన్నె మీద పేరు, రోజు రాసి అంటించడం పిల్లల పని. "అన్నం, మంగళవారం రాత్రి." మర్నాడు ఫ్రిజ్ తలుపు తీసి ఏది ముందు తినాలో చదివి చెప్పేదీ వాళ్లే. వండినది రెండు గంటలకు మించి బయట ఉంచకూడదు, ఫ్రిజ్ 5 డిగ్రీల లోపు ఉండాలి, మళ్లీ తినేముందు పొగలు వచ్చేలా వేడిచేయాలి.

రెండు హెచ్చరికలు

ఒకటి. చదివినందుకు చాక్లెట్ ఇవ్వకండి. చదువు చేదుమందు, చాక్లెట్ దాని అనుపానం అని మనమే చెప్పినట్టవుతుంది. ఇవ్వాలంటే, ఆదివారం ఏం వండాలో నిర్ణయించే హక్కు ఇవ్వండి.

రెండు. లేబుల్ చదవడం కథ చదవడానికి బదులు కాదు. పడుకునేముందు పుస్తకం మామూలుగా సాగాల్సిందే. గ్రంథాలయం నుంచి తెచ్చుకుంటే దానికీ ఖర్చు లేదు. అక్కడ మాత్రం ఒక చిన్న మార్పు చేయండి. మీరే చదువుకుంటూ పోకుండా మధ్యమధ్య ఆగి, "ఇప్పుడేమవుతుందంటావు?", "వాడు ఎందుకలా చేశాడు?" అని అడగండి. జవాబు చిన్నదైతే దాన్నే ఇంకో రెండు మాటలు కలిపి తిరిగి చెప్పండి. గ్రోవర్ వైట్‌హర్స్ట్ బృందం 1988లో ప్రచురించిన అధ్యయనంలో, ఇలా చదివి వినిపించిన తల్లిదండ్రుల పిల్లల మాటతీరు మామూలుగా చదివి వినిపించినవాళ్ల పిల్లల కంటే ముందుకు పోయింది. ఆ పిల్లలకు రెండు మూడేళ్లే. అక్షరాలు రాని చంటివాళ్లకు ఇది చాలు, లేబుళ్లు తర్వాత చూసుకోవచ్చు.

ఈ వారం పని

ఇంట్లో ఉన్న మూడు ప్యాకెట్లు తీసి, ఒక్కోదానికి మొదటి మూడు దినుసులు, 100 గ్రాములకు చక్కెర, ఉప్పు పిల్లలతో రాయించండి. ఒక వంట చీటీ తయారు చేసి ఒక్కసారైనా దాన్ని చదివించుకుంటూ వండండి. బజారుకు వెళ్లినప్పుడు ఐదు వస్తువులకు నూరు గ్రాముల ధర కట్టించండి.

ఈ మూడు కాగితాలూ పారేయకండి. 5వ పాఠంలో వాటితోనే వారం మొత్తానికి వంటల పట్టిక వేస్తాం. కత్తెర, జిగురు సిద్ధంగా ఉంచుకోండి.